కన్నడంలో చూసి తెలుగులో

మా ఆవిడ రిబ్కాకు తెలుగు చదవడం రాదు. ఈ సంగతి చాలా ఏళ్ళు నాకు ఒక్కడికే తెలుసు. బయట ఎవరి దగ్గరైనా నోరు జారి ఉంటే ఆ పూట నాకు అన్నం దొరికేది కాదు. ఆమె సర్కారు బడిలో టీచరు. మేం ఉండే చిద్రి నుంచి రోజూ ఆటోలో వెళ్ళి ఒకటో తరగతి పిల్లలకు కన్నడ అక్షరాలు దిద్దిస్తుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కోపం వచ్చినా తెలుగే, ప్రార్థన చేసినా తెలుగే. కానీ పుట్టింది దుబల్గుండిలో, చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాలకు దగ్గరి చుట్టాల్లాగే ఉంటాయి కాబట్టి కొన్నింటిని పోల్చుకుంటుంది, కొన్నింటి దగ్గర ఆగిపోతుంది. మొత్తం మీద తన బడిలో కొత్తగా చేరిన పిల్లల్లాగే కూడబలుక్కుంటుంది. బీదరులో మాలాంటి ఇళ్ళల్లో ఇది వింతేమీ కాదు. నాకూ రాదు. అయితే నేను బస్సు డిపోలో మెకానిక్‌ని. నాకు రాకపోతే ఎవరికీ పట్టదు.

చిక్కు గురువారాల దగ్గర వచ్చింది. ఆదివారం చర్చిలో ఆరాధన కన్నడలో జరుగుతుంది. గురువారం సాయంత్రం మాత్రం మా తెలుగు కుటుంబాలు వారానికి ఒక ఇంట్లో చేరి తెలుగులో ప్రార్థన పెట్టుకుంటాయి. అక్కడ వాక్యం చదివే పెద్దాయన చనిపోయాక, "టీచరమ్మ ఉన్నది గదా" అని అందరూ రిబ్కా వైపు చూశారు. నాకు రాదు అని అప్పుడే ఒక్క మాట అనేస్తే సరిపోయేది. అనలేకపోయింది. ఇంటికి వచ్చి, వాళ్ళ నాయన తెలుగు బైబిలుకు ఉన్న నల్ల తోలు కవరు ఊడదీసి తన కన్నడ బైబిలుకు తొడిగింది. కవరు మీద బంగారు రంగులో తెలుగు అక్షరాలు, లోపల అంతా కన్నడం.

అప్పటి నుంచి ఆమె కన్నడంలో చూసి తెలుగులో చదువుతోంది. కన్ను కన్నడ అక్షరాల మీద ఉంటుంది, నోట్లోంచి తెలుగు వస్తుంది. ఎక్కడా తడబడదు, ఆగదు. వినేవాళ్ళలో ముసలివాళ్ళకు చదువు లేదు, మిగతావాళ్ళ చేతుల్లో ఉండేవి కన్నడ బైబిళ్ళే. కాబట్టి అర్థం బరాబర్ కలిసేది, ఎవరికీ అనుమానం రాలేదు. మా పక్కింటి జగదేవి అయితే, "మనల తెలుగు చదువ వచ్చేది టీచరమ్మ ఒక్కదానికే" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా రిబ్కా మొహం చిన్నబోయేది. పొగిడితే మొహం చిన్నబుచ్చుకునే మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

నిరుడు వానాకాలంలో మా వీధి చివర మేడ మీద గదిలోకి అనూహ్య అద్దెకు వచ్చింది. జహీరాబాద్ పిల్ల. ఇంకా పెళ్ళి కాలేదు, బ్యాంకులో ఉద్యోగం, ఒక్కతే ఉండేది. తెలుగులో ప్రార్థన జరుగుతుందని ఎవరో చెబితే ఆ గురువారమే జగదేవి ఇంటికి వచ్చి రిబ్కా పక్కన కూర్చుంది. సంచిలోంచి తెలుగు బైబిలు తీసి, రిబ్కా చదువుతుంటే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. కాసేపటికి ఆ వేలు ఆగింది. పై వరుసకు వెళ్ళింది, కింది వరుసకు వచ్చింది. చివరికి ఆ పిల్ల పుస్తకం మూసేసి, రిబ్కా మొహంలోకి చూసి నవ్వింది. తర్వాత సంచిలోంచి ఫోన్ తీసి ఏదో నొక్కి ఒళ్ళో పెట్టుకుంది.

ప్రార్థన అయ్యాక జగదేవి అందరికీ చాయ్, అటుకుల చుడువ ఇచ్చింది. అప్పుడు అడిగింది అనూహ్య.

"అక్కా, మీరు చదివేది ఏ తర్జుమా? నా పుస్తకంతోని మాటలు కలుస్తలేవు. మీదాంట్ల మస్తు సక్కగున్నయి. ఎక్కడ దొరుకుతది?"

రిబ్కా చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది. "మా నాయినది," అంది. "పాతది. ఇప్పుడు దొరకదు."

ఇంట్లోకి వచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"నన్ను పట్టేసిందయ్యా ఆ పిల్ల."

"ఏం పట్టేసింది? బాగున్నదన్నది. ఎక్కడ దొరుకుతదని అడిగింది. అంతే గదా."

"అందరి ముందల అడుగుడెందుకు? వేలు పెట్టి చూసుకుంట చూసుకుంట నవ్వింది. నువ్వు చూడలే."

నేను చూశాను. నాకు అది మామూలు నవ్వులాగే కనబడింది. కానీ రిబ్కా దాన్ని అప్పటికే ఇంటిదాకా మోసుకొచ్చింది, ఇక దించుకునేలా లేదు.

ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసినా తప్పే. వాళ్ళ ఊరి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు సీసా ఇస్తే, "మనకు తొక్కు పెట్టుకునుడు రాదనుకున్నదా" అంది. పొద్దున్నే ఎయిర్‌ఫోర్స్ విమానాల చప్పుడుకు మెలకువ వస్తోందని ఆ పిల్ల మాటవరసకు అంటే, మన ఊరు నచ్చలేదంటోందని అర్థం తీసింది. బ్యాంకులో ఒక ముసలాయన ఏదో కన్నడ మాట అంటే తెలియక నిలబడిపోయానని, దాని అర్థం ఏమిటని అడిగితే, చెప్పి పంపి తలుపు వేశాక, "కన్నడం వస్తది గదా నీకు, అదే వస్తది గదా అని పొడుస్తున్నది" అంది. ఇక ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు. వాక్యం చదివేటప్పుడు ప్రతిసారీ ఆ పిల్ల ఒళ్ళో ఫోన్ వెలుగుతూ ఉండేది. "ఇజ్జత్ లేదు. నేను చదివేది వినే పనే లేదామెకు" అని ఆ ఫోన్ మీద రిబ్కా ఎన్నిసార్లు మండిపడిందో నేను చెప్పలేను.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. బడికి తనిఖీకి వచ్చిన అధికారి రిబ్కా తరగతిలో కూర్చుని, పిల్లల చేత చదివించి, మిగతా టీచర్లందరినీ పిలిచి, అక్షరాలు ఇలా నేర్పాలి అని చెప్పి వెళ్ళాడట. ఆ రోజు రిబ్కా ఇంటికి పాట పాడుకుంటూ వచ్చింది. అడక్కుండానే పోలెలు, అంటే బొబ్బట్లు, చేసింది. వేడివేడివి పళ్ళెంలో పెట్టి, "ఆ పిల్లకు ఇచ్చి రా. పాపం ఒక్కతే ఉంటది, హోటల్ల ఏం తింటదో" అంది. ఈ బుద్ధి మళ్ళీ మారకముందే అని నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను.

మర్నాడు గురువారం. సాయంత్రం ఆ తోలు కవరు చేతిలోకి తీసుకుందో లేదో, నిన్నటి మంచితనమంతా ఎటో పోయింది. అనూహ్య మా పళ్ళెం ఖాళీగా ఇవ్వడం ఎందుకని యాపిల్ పండ్లు పెట్టి తెచ్చింది. "మన పోలెలు ఊకనే తింటే అరగవా ఆమెకు?" అంది రిబ్కా.

ఆ రోజు నాకు ఒకటి తెలిసింది. అనూహ్య మంచిదా చెడ్డదా అన్నది అనూహ్య చేతుల్లో లేదు. ఆ పూట మా ఆవిడకు తన మీద తనకు ఎంత నమ్మకం ఉందో దాన్ని బట్టి ఉంది. తను బాగున్న రోజు ఆ పిల్ల పాపం ఒంటరిది. కవరు చేతిలో ఉన్న రోజు అదే పిల్ల గర్విష్ఠి. మధ్యలో ఆ పిల్ల మారిందేమీ లేదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆ నెలలోనే ఒక వారం ప్రార్థన స్టాన్లీ ఇంట్లో ఉండాలి. స్టాన్లీ మా గురువారాలకు పెద్ద దిక్కు, రిటైరైన పోస్ట్‌మాస్టర్. వాళ్ళ మామగారికి ఒంట్లో బాగా లేదని ఆ పొద్దున కబురు రావడంతో ఇంటికి తాళం వేసి అందరూ హుమ్నాబాద్ వెళ్ళారు. ప్రార్థన జగదేవి ఇంటికి మార్చారు. మార్పు జరిగితే అందరికీ చెప్పే బాధ్యత రిబ్కాది. ఫోన్ చేసి అందరికీ చెప్పింది, ఒక్కరికి తప్ప.

నేను డిపో నుంచి ఆలస్యంగా వస్తున్నాను. సన్నగా వాన పడుతోంది. స్టాన్లీ గేటు దగ్గర గొడుగు పట్టుకుని, బైబిలు సంచి గుండెకు ఆనించుకుని అనూహ్య నిలబడి ఉంది. చాలాసేపటి నుంచే నిలబడినట్టుంది, చున్నీ అంచు తడిసిపోయింది. స్కూటర్ ఆపాను.

"అన్నా, ఇయ్యాల ప్రార్థన లేదా?"

"జగదేవి ఇంట్ల ఉన్నదమ్మా. నీకు తెల్వదా?"

ఆ పిల్ల ఫోన్ తీసి చూసుకుంది. మళ్ళీ నా వంక చూసింది. "నాకెవరు చెప్పలే అన్నా."

"బండెక్కు, దింపుత."

"వద్దన్నా. ఇగ ఇంటికి పోత."

ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా నేను అక్కడే ఉన్నాను. నాకు కోపం త్వరగా వస్తుంది. ఆ రోజు ఇంకా త్వరగా వచ్చింది. రిబ్కా ప్రార్థన నుంచి వచ్చి లోపల అడుగు పెట్టేదాకా కూడా ఓపిక లేక గుమ్మంలోనే ఎదురుగా నిలబడ్డాను.

"ఆ పిల్లకు ఎందుకు చెప్పలే?"

"మర్చిపోయిన."

"బడిల పిల్లల పేర్లు ఒక్కసారి విని ఏడాదంత యాదికుంచుకుంటవ్. నువ్వు మర్చిపోలే."

రిబ్కా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతోంది. నేను వెనకే వెళ్ళాను.

"ఆ పిల్ల నిన్ను ఒక్క మాట అనలే రిబ్కా. నువ్వే నిన్ను అనుకుంటున్నవ్. నిన్ను నువ్వు అనుకునేదంత తీసుకపోయి ఆ పిల్ల నోట్లె పెడుతున్నవ్."

అప్పుడు ఇటు తిరిగింది. "నీకేం తెలుసు? నట్టు బిగించుడు రానోనివి డిపో అంత ముందల నిలబడి వస్తదని చెప్పినవా ఎన్నడన్న? ఇయ్యాల దొరుకుతనా, రేపు దొరుకుతనా అని గురువారం గురువారం భయపడినవా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఆ భయంతో చదివిందని నాకు తెలుసు గానీ, ఎంత భయమో అప్పుడే తెలిసింది. నా కోపం సగం చల్లారింది. మిగతా సగం స్టాన్లీ గేటు దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత అనూహ్య ప్రార్థనకు రావడం మానేసింది. రిబ్కాకు హాయిగా ఉండాలి కదా. లేదు. చదువుతూ చదువుతూ తలుపు వైపు చూసేది. ఒకసారి ఇంటికి వచ్చాక, "ఆ పిల్ల ఉంటే జర మంచిగ చదువుత అనిపిస్తది. ఎందుకో ఏమో" అంది. నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అంత తేలికైన పని కాదు.

ప్రార్థన మా ఇంటి వంతు వచ్చింది. చాపలు పరిచి, అందరూ కూర్చున్నాక, గుమ్మంలో అనూహ్య కనబడింది. చెయ్యి పట్టుకుని ఒక పెద్దావిడను నడిపించుకొస్తోంది. "మా అమ్మ," అంది మాతో. "జహీరాబాద్ నుంచి వచ్చింది. ఒక్కసారి రావాలెనని ఒకటే పట్టు పట్టింది." ఆమె మాటల్లో, మేం పిలవలేదు కదా, వచ్చినందుకు ఏమనుకుంటారో అన్న జంకు ఉంది.

పెద్దావిడ పేరు అంజమ్మ. ఆమెకు ఏ జంకూ లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, అందరినీ ఒకసారి చూసి, "వాక్యం చదివే బిడ్డ ఎవరు?" అని అడిగింది.

"నేనే పెద్దమ్మా," అంది రిబ్కా.

"అనుకున్న. గొంతు పోల్చిన. గురువారం గురువారం విన్న గదా."

"ఎక్కడ విన్నవ్?"

"ఫోన్ల బిడ్డా. నా బిడ్డ ఫోన్ కలిపి ఒళ్ళె పెట్టుకుంటది. నేను ఆడ మంచం మీద కూసోని వింట. నడుమ రెండు మూడు వారాలు పెట్టలే. ఏందే అంటే పని ఉన్నదన్నది."

రిబ్కా నా వైపు చూసింది. నేను చాప అంచు చూశాను.

అంజమ్మకు చుట్టూ ఏం జరుగుతోందో పట్టలేదు. "నాకు తెలుగు చదువ వస్తది బిడ్డా, తక్కువేం రాదు. గని మా ఇంట్ల పుస్తకంల మాటలు సగం సమజ్ కావు. భుజించెను అంటది, ఇంకేందో అంటది. నువ్వు చదివేది మా అవ్వ మాట్లాడినట్టే ఉంటది. ఆ పుస్తకం ఒక్కసారి ఇయ్యి. పేరు చూసుకుంట. ఎక్కడున్నా తెప్పించుకుంట," అని చెయ్యి చాపింది.

పుస్తకం రిబ్కా ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి.

"ఇయ్యి టీచరమ్మా, చూసుకోనియ్యి," అంది జగదేవి.

"అమ్మా, అది పాతదంట, ఇప్పుడు దొరకదంట. అక్క అప్పుడే చెప్పింది. ఇడిసిపెట్టు," అంది అనూహ్య. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసింది.

రిబ్కాకు అది చాలు. చాయ్ పెడతానని లేచి లోపలికి వెళ్ళిపోతే ఆ మాట అక్కడితో తెగిపోయేది. తెరిచి పెట్టిన తలుపులాంటి ఆ మాటను అందించింది కూడా ఇన్నాళ్ళూ తనను నవ్వులపాలు చేస్తుందని రిబ్కా అనుకున్న ఆ పిల్లే. లేస్తుందనే నేను అనుకున్నాను.

రిబ్కా లేవలేదు. కవరు అంచు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ఉండి అది అట్టకు అతుక్కుపోయింది. ఒక పక్క చిరిగింది కూడా. పుస్తకం బయటికి తీసి అంజమ్మ చేతిలో పెట్టింది.

అంజమ్మ తెరిచి, దగ్గరగా చూసి, దూరంగా చూసింది. "ఇది కన్నడం గదా బిడ్డా."

"అవును పెద్దమ్మా. నాకు తెలుగు చదువ రాదు. కన్నడం చూసుకుంట తెలుగుల చెప్తున్న. ఇన్నేండ్లు గిట్లనే చెప్పిన."

స్టాన్లీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి జగదేవి, "మరి ఎన్నడు ఆగకపోతివి గదనే" అంది.

"ఆగితే దొరికిపోత గదా," అంది రిబ్కా.

స్టాన్లీ ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసమే ఆమె ఇన్నేళ్ళు భయపడింది. వచ్చాక చూస్తే అందులో కోసేది ఏమీ లేదు. అంజమ్మ మాత్రం నవ్వలేదు. పేజీలు తిప్పి తిప్పి, "అయితే ఆ పుస్తకం లేనే లేదా? మరి నాకెట్ల?" అంది. ఆమెకు నిజంగానే బాధ కలిగింది.

రిబ్కా ఆ రోజు కన్నడ బైబిలు అందరికీ కనబడేలా పట్టుకుని చదివింది. అయిపోయాక చాయ్ పెట్టడానికి వెళ్ళింది. నేను కప్పులు తీస్తున్నాను. అనూహ్య పళ్ళెం పట్టుకెళ్ళడానికి లోపలికి వచ్చి నిలబడింది.

"అందుకేనా అక్కా, ఆ దినం నాకు చెప్పలే?"

రిబ్కా తల ఊపింది. "మొదటి రోజు నువ్వు నన్ను చూసి నవ్వినవనుకున్న."

"నవ్విన అక్కా. నువ్వు చదువుతుంటే మా అమ్మమ్మ యాదికొచ్చి నవ్విన." కప్పు ఒకటి అందుకుంది. "గేటు కాడ నిలబడి నేనేమనుకున్ననో తెలుసా? నా తాననే ఏదో తక్కువున్నదనుకున్న. ఎక్కడికి పోయినా నేను ఎవ్వరికి నచ్చను, అది నా గుణమే అనుకున్న. బదిలీకి పెట్టుకున్న. పోయిన వారం వచ్చింది. సదాశివపేటకు."

"నీ తాన ఏం తక్కువ లేదు బిడ్డా. ఉన్నది నా తాన. మాఫ్ చెయ్యి."

"అది నాకు ఇప్పుడు తెలిసింది గదక్కా," అంది అనూహ్య. గొంతులో కోపం లేదు, క్షమించినట్టూ లేదు. కప్పులు పళ్ళెంలో సర్దుకుని వెళ్ళిపోయింది.

తనకు ఎవరో చేస్తారని ఇన్నేళ్ళు భయపడిన పనిని రిబ్కా తన చేతులతో ఇంకొకరికి చేసింది. ఆ మాట నేను అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. మిగిలిన చాయ్ పొంగి పొయ్యి మీద పడుతున్నా ఆమె మంట తగ్గించకుండా అలాగే నిలబడి ఉంది. నేనే ఆర్పాను.

అనూహ్య వెళ్ళి చాలా నెలలైంది. చిరిగిన చోట కుట్టు వేయించి ఆ కవరును మళ్ళీ వాళ్ళ నాయన బైబిలుకే తొడిగాం. గురువారాలు రిబ్కా చదవడానికి ముందు నా ఫోన్‌లో జహీరాబాద్‌కు, సదాశివపేటకు నా చేత ఒకేసారి కాల్ కలిపిస్తుంది. అంజమ్మ మోగగానే ఎత్తుతుంది. అనూహ్య ఒకసారి ఎత్తుతుంది, ఒకసారి ఎత్తదు.

పోయిన గురువారం ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఈసారి మోగుతుండగానే కట్ అయింది. అవతల చేత్తో కట్ చేసిందని గదిలో అందరికీ తెలిసింది. జగదేవి నా వంక చూసింది, నేను రిబ్కా వంక చూశాను. ఆ పిల్ల మీద రిబ్కా అనే పాత మాటలన్నీ ఒక్కొక్కటీ నా చెవుల్లో తయారుగా ఉన్నాయి. ఆ పిల్ల నిజంగా పనిలోనే ఉందో, స్టాన్లీ గేటును ఇంకా మరిచిపోలేదో నాకు తెలియదు. రిబ్కాకూ తెలియదు.

"పనిల ఉన్నట్టున్నది," అంది రిబ్కా. తర్వాత ఫోన్ దగ్గరికి వంగి, "పెద్దమ్మా, వినపడుతున్నదా?" అని అడిగింది.

"వినపడుతున్నది బిడ్డా, చదువు."

"రికార్డ్ గూడ చెయ్యి," అని నాతో అంది. "ఆ పిల్ల తీరినప్పుడు వింటది."

కన్నడ వాక్యం మీద వేలు పెట్టి తెలుగులో మొదలుపెట్టింది.